డెబ్భై నాలుగో బొమ్మ

కొబ్బరి మట్ట ఒకటి, ఈత మట్ట ఒకటి తెచ్చి అరుగు మీద పక్కపక్కన పెట్టండి. ఈత మట్టతో జాగ్రత్త, మొదట్లో ఉన్న ఆకులన్నీ ముళ్లే. ఒక్కో ఆకు ఈనెకు అతుక్కున్న చోట ఎలా మడతపడిందో వేలితో తడిమి చూడండి. కొబ్బరాకు అక్కడ ఇంటికప్పులా ఉంటుంది, వెన్ను పైకి, అంచులు కిందికి. వాన చినుకు పడితే రెండు పక్కలకీ జారిపోతుంది. ఈతాకు దోనెలా ఉంటుంది, అంచులు పైకి, వెన్ను కిందికి. చినుకు పడితే గాడిలో పారి ఈనె దాకా వస్తుంది. నేను ఈ ముక్క పుస్తకంలో చదివి నమ్మలేదు. గోదావరి జిల్లాలో పుట్టి, ఈత చాపల మీద పడుకుని, కొబ్బరాకు పందిళ్ల కింద భోజనాలు చేసి కూడా ఒక్కసారైనా గమనించలేదంటే ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మట్టలు తెచ్చి చూశాక ఒప్పుకోక తప్పలేదు.

ప్రపంచంలో తాటి కుటుంబపు చెట్లు సుమారు 2,600 జాతులున్నాయి. ఈ మడత చూసే వృక్షశాస్త్రజ్ఞులు వాటిని రెండు పెద్ద పక్షాలుగా విడదీస్తారు. కొబ్బరి, పోక ఇంటికప్పు పక్షం. ఈత, జీలుగు దోనె పక్షం. విసనకర్ర ఆకున్న తాటిచెట్టు కూడా మడతల లెక్కలో దోనె పక్షమే. కాబట్టి ఈ చెట్ల బొమ్మ వేసే చిత్రకారుడికి మొదటి పరీక్ష ఇదే. ఎంత పచ్చటి రంగు కలిపినా, ఎంత సన్నటి కుంచె పట్టినా, మడత తలకిందులైతే ఆ బొమ్మ శాస్త్రానికి పనికిరాదు.

ఆ పరీక్షకు కూర్చున్న బొమ్మలు మన సామర్లకోటలో మొదలైన పుస్తకంలో ఉన్నాయి. పుస్తకం పేరు 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్'. 1795లో లండన్‌లో మొదటి భాగం వచ్చింది, 1820కి గాని మూడు సంపుటాలూ పూర్తికాలేదు. మొత్తం 300 బొమ్మలు. మొదటి సంపుటంలో 71, 72 బొమ్మలు తాటిచెట్టువి. 73 కొబ్బరి. 74 చిట్టీత. ఈ అధ్యాయం ముఖ్యంగా ఆ చివరిదాని గురించి.

*

ఆ పుస్తకం రాసిన విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లో పుట్టాడు. ఎడింబరోలో జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం విన్నాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసులో దిగాడు. 1781లో సామర్లకోటకు వచ్చాడు. ఇవాళ రైలు మారడానికో, కుమారరామ భీమేశ్వరుడి దర్శనానికో దిగే ఊరు అప్పట్లో కంపెనీ సిపాయిల ఠాణా. సిపాయిల జ్వరాలు చూడటం డాక్టరుగారి ఉద్యోగం. మిగిలిన పొద్దంతా మొక్కలదే. అక్కడ తోట వేయించి మిరియం, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూశాడు. లక్క పురుగు గురించి సామర్లకోట నుంచి రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రాజమండ్రి సర్కారులో చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో రాసిపెట్టాడు. కంపెనీకి ఏది లాభం తెస్తుందా అన్న చూపు అందులో లేకపోలేదు. ఆ చూపే లేకపోతే కంపెనీవారు ఆ బొమ్మలకు డబ్బిచ్చేవారూ కాదు.

ఈ తీరంలో ఆయనొక్కడే అనుకోకూడదు. స్వీడన్‌లో లిన్నేయస్ దగ్గర చదివిన యోహాన్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, ఊళ్లన్నీ తిరిగి మొక్కలు పోగేసి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. రాక్స్‌బర్గ్‌కు ఆయన స్నేహితుడూ, ఒకరకంగా గురువూ. విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ పాముల మీద పనిచేస్తూ ఉండేవాడు. కోరమాండల్ పుస్తకానికి ముందుమాట రాసింది ఆయనే. ఆయన సీమకు వెళ్లిపోయాక కర్నాటిక్ ప్రాంతానికి కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి పదవి రాక్స్‌బర్గ్‌కు వచ్చింది.

1787 మే నెలలో కోరంగి మీద ఉప్పెన పడింది. రాక్స్‌బర్గ్ అప్పటిదాకా ఎండబెట్టి దాచుకున్న మొక్కలు, పుస్తకాలు నీటిపాలయ్యాయి. కోరంగి పేరు చెబితే చాలామంది 1839 ఉప్పెననే తలుచుకుంటారు. దానికి యాభై ఏళ్ల ముందే ఆ రేవు ఒకసారి మునిగిందన్న సంగతి మరుగునపడింది. ఉప్పెన తర్వాత ఆ డాక్టరు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఎండుమొక్కలతో పాటు బొమ్మలు విరివిగా వేయించాడు. లండన్‌కు ఒక ప్రతి, తన దగ్గర ఒక ప్రతి.

*

ఎండుమొక్క ఉండగా బొమ్మ ఎందుకని అడగొచ్చు. తులసికి, తంగేడుకు ఎండుమొక్క చాలు. కొమ్మ తుంచి, పాత కాగితాల మధ్య పెట్టి, పైన బరువు వేసి, ఆరాక అట్టకు కుడితే రెండొందల ఏళ్లు ఉంటుంది. ఆ అట్ట సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు. ఇప్పుడు దాని మీద తాటిచెట్టును పెట్టండి చూద్దాం. ఒక్క కమ్మే మనిషి చాచిన చేతులంత. గెల మొయ్యాలంటే ఇద్దరు కావాలి. కాయ నొక్కితే నలుగుతుంది తప్ప అణగదు. అందుకే తాటి కుటుంబం ఎప్పుడూ మొక్కలు పోగేసేవాళ్లకు తలనొప్పి. చాలామంది ఆకు చివర ముక్క, నాలుగు పూలు తెచ్చి సరిపెట్టేవారు. ఆ ముక్కను చూసి చెట్టును ఊహించడం తోక వెంట్రుకను చూసి ఏనుగును ఊహించడమే.

బొమ్మకు ఈ ఇబ్బంది లేదు. అరవై అడుగుల చెట్టును జానెడు చెయ్యొచ్చు. దాని పక్కనే పూరేకును ఉన్నంతా వెయ్యొచ్చు, కేసరాన్ని పదింతలు చేసి చూపొచ్చు. ఒకే కాగితం మీద మూడు నాలుగు కొలతలు కలిసి బతుకుతాయి. ఎండితే పోయే రంగు నిలుస్తుంది. పచ్చి ఈతపండు ఎరుపు, మాగినదాని నలుపు ఎండుమొక్కలో వెతికితే రెండూ గోధుమరంగే.

తాటికి రెండు బొమ్మలు కేటాయించడంలో కూడా శాస్త్రం ఉంది. మన ఊళ్లలో పోతుతాడి, పెంటితాడి అంటారు. ఒక చెట్టుకు మగపూలు, ఇంకో చెట్టుకు ఆడపూలు. పోతుతాడికి వేళ్లలా పొడుగ్గా వేలాడే పూకంకులు తప్ప కాయ ఉండదు, ముంజెలు పెంటితాడివే. పన్నెండు పదిహేనేళ్లు పెంచినా, పూత పూసేదాకా ఏ చెట్టు ఏదో చెప్పడం గీత కార్మికుడి తరం కూడా కాదు. లిన్నేయస్ పద్ధతిలో మొక్కల వర్గీకరణంతా కేసరాల లెక్క, కీలాల లెక్క మీదే నడుస్తుంది. కాబట్టి ఒక చెట్టు బొమ్మ వేసి తాటి అంటే సగం చెప్పినట్టే. కల్లు మాత్రం రెండూ ఇస్తాయి, అది వేరే సంగతి.

మన దేశపు తాటి కుటుంబాన్ని అచ్చు బొమ్మల్లోకి ఎక్కించిన మొదటివాడు రాక్స్‌బర్గ్ కాదు. అంతకు నూరేళ్ల ముందే కొచ్చిలో డచ్చి గవర్నరు వాన్ రీడ్ మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాలు వేయించాడు. 1678లో వచ్చిన మొదటి సంపుటం తెరిస్తే మొదటి చెట్టు కొబ్బరే. 1753లో లిన్నేయస్ తాటికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నవాటిలో ఆ మలబారు బొమ్మలున్నాయి. అవి నల్లటి గీతల బొమ్మలు, రంగుల్లేవు. అచ్చుకు ఇచ్చే రాగిరేకు మీద గీతే పడుతుంది, రంగు పడదు. కోరమాండల్ పుస్తకంలో ఆ లోటు తీర్చారు. సామర్లకోట నుంచి వెళ్లిన నీటిరంగుల బొమ్మను చూసి లండన్‌లో మెకంజీ అనే చెక్కడపు పనివాడు రాగిరేకు చెక్కాడు. రేకుతో అచ్చొత్తాక ఒక్కో కాగితానికీ చేత్తో మళ్లీ రంగు వేశారు. అంటే మనం ఇవాళ చూసే 74వ బొమ్మ మూడు చేతులు మారింది. మొదట ఈ తీరపు చిత్రకారుడి కుంచె, తర్వాత చెక్కే ఉలి, ఆఖరికి లండన్‌లో కూలికి రంగులద్దిన మనిషి కుంచె. పంపిన ఐదొందల దాకా బొమ్మల్లోంచి మూడొందలు ఏరిపెట్టింది లండన్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్.

బ్యాంక్స్ పేరు పుస్తకం మీద ఉంది. రాక్స్‌బర్గ్ పేరుంది. అచ్చువేసిన బుల్మర్ పేరుంది, అమ్మిన జార్జ్ నికల్ పేరుంది. మొదటి కుంచె పట్టినవాడి పేరు మాత్రం లేదు.

దీన్ని ఆ కాలపు అలవాటని సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోలేను. ఎందుకంటే ఆ పని ఎంత కష్టమో ఒకసారి చెట్టు ముందు కూర్చుంటే తెలుస్తుంది. సీమ కాగితం, తుమ్మజిగురు లాంటి బంకతో నూరిన రంగు, ఉడుత తోక వెంట్రుకల కుంచె. కోసిన పువ్వు మధ్యాహ్నానికి వాడిపోతుంది. మన చిత్రకారులకు దేవుడి బొమ్మ, రాజు బొమ్మ వచ్చు, వాటికి నేల ఉంటుంది, చుట్టూ అలంకారం ఉంటుంది. ఇక్కడ తెల్ల కాగితం మధ్య చెట్టు ఒక్కటే, నీడ లేదు, నేల లేదు, ఆకాశం లేదు. అడుగున వరసగా పువ్వు నిలువుకోత, కాయ అడ్డకోత, గింజ. డాక్టరు భూతద్దంలో చూపించిన కేసరాన్ని ఎన్ని ఉన్నాయో అన్నీ లెక్కపెట్టి వెయ్యాలి. అందం కోసం ఒకటి ఎక్కువ వేస్తే ఆ మొక్క శాస్త్రంలో వేరే తరగతిలోకి వెళ్లిపోతుంది. ఈ క్రమశిక్షణ ఆ మనుషులు నేర్చుకున్నారు. దానికి తోడు తమదైన పద్ధతి కొంత మిగుల్చుకున్నారు. ఈ కాలపు కంపెనీ బొమ్మల్లో ఆకులు కాగితం మీద ముగ్గులా సర్దుకుని కూర్చోవడం చూస్తే అది సీమ చెయ్యి కాదని తెలిసిపోతుంది.

తర్వాతి తరంలో కొంచెం న్యాయం జరిగింది. మద్రాసు రాజధానిలో రాబర్ట్ వైట్ అనే ఇంకో స్కాట్లండు డాక్టరు దగ్గర రంగయ్య, ఆయన తర్వాత గోవిందు పనిచేశారు. వైట్ వాళ్ల పేర్లు అచ్చులో పెట్టాడు. 1853లో ఒక నేల ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరు మీద 'గోవిందూయియా' అని నామకరణం కూడా చేశాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతిని ఇంకోదాంట్లో కలిపేశారు గాని, కాగితం మీద పేరైతే మిగిలింది. సామర్లకోటలో చిట్టీతను చూసి బొమ్మ వేసినవాడికి ఆ మాత్రం కూడా దక్కలేదు.

*

చిట్టీత అంటే పొట్టి ఈత. చిరుటీత అని కూడా అంటారు. మామూలు ఈతచెట్టులా ఎత్తు ఎదగదు. సముద్రానికి దగ్గర్లో ఎండిపోయిన ఇసక నేలల్లో, దిబ్బల మీద పొదలా ఉంటుంది. కోరంగి చుట్టుపక్కల విరివిగా ఉందని రాక్స్‌బర్గ్ రాశాడు. ఆకులతో చాపలు అల్లుకుంటారు. పండు చిన్నది, నల్లగా మాగుతుంది, తియ్యగా ఉంటుంది, కండ తక్కువ. పశువులు కాసే పిల్లలు తింటారు. ఇంతవరకూ ఏ మొక్కల పుస్తకంలోనైనా ఉండే వివరమే.

తర్వాత బొమ్మకు ఎదురుగా అచ్చయిన వర్ణనలో డాక్టరు ఉన్నట్టుండి ఆకునూ పువ్వునూ వదిలి మాను లోపలికి వెళతాడు. ఆకులు కొట్టేసి, చుట్టూ అల్లుకున్న గోధుమరంగు పీచు ఒలిచేస్తే, మాను పదిహేను పద్దెనిమిది అంగుళాల పొడవు, లావైన చోట ఆరంగుళాలు ఉంటుందట. లోపల తెల్లటి నారపోగులు జడలా పెనవేసుకుని ఉంటాయి. ఆ పోగుల మధ్య పిండి. ఆ పిండి తీయడానికి జనం ఏం చేసేవారో వరసగా చెబుతాడు. మానును ఆరెనిమిది చీలికలుగా చీల్చడం. ఎండబెట్టడం. రోట్లో వేసి రోకలితో దంచడం. పీచు విడిపోయేదాకా దంచి జల్లించడం. వచ్చిన పిండిని గంజి కాచుకోవడం. గంజి బాగా చేదు, సగ్గుబియ్యం జావ అంత బలం కూడా ఇవ్వదని రాస్తాడు. తయారు చేసే పద్ధతి మారిస్తే మెరుగుపడొచ్చేమో అంటాడు.

ఆ వెంటనే అసలు సంగతి. కిందటి ఏడాది చివర, ఈ ఏడాది మొదట్లో, మళ్లీ ఇప్పుడు కూడా బియ్యం ధర అందకుండా పోయిందనీ, ఒక్కోసారి దొరకనే లేదనీ, ఈ పిండి చాలామంది ప్రాణాలు నిలబెట్టిందనీ రాశాడు.

1789 నుంచి 1792 దాకా ఉత్తర సర్కార్లలో వానలు మొహం చాటేశాయి. ఆ కరువునే దేశంలో మిగతాచోట్ల 'డోజీ బారా', పుర్రెల కరువు అన్నారు. పాతిపెట్టే దిక్కులేక నేల మీద పుర్రెలు తెల్లబడ్డాయన్న అర్థంలో. రాక్స్‌బర్గ్ రోజుకు మూడుసార్లు ఉష్ణమాపకం, వాయుభారమాపకం చూసి రాసుకునే మనిషి, సామర్లకోటకు రాకముందు నాగూరులో ఉన్నప్పటి నుంచీ ఆయనకు ఆ అలవాటు. వానల్లేకపోవడం ఆయన అంకెల్లో కనిపించింది. అంతకు ముందు ఇలా ఎప్పుడైనా జరిగిందా అని వాకబు చేశాడు. పిఠాపురం రాజావారి దగ్గరున్న పాత లెక్కల్లో అంతకు వందేళ్ల కిందట, 1685 నుంచి 1687 దాకా, వరసగా వానలు తప్పి ఇంతటి కరువే వచ్చినట్టు తేలింది. రెండు శతాబ్దాల తర్వాత పర్యావరణ చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ ఈ సామర్లకోట రాతలు వెతికి పట్టుకుని, వాటిని ఆస్ట్రేలియాలో, మెక్సికోలో, అట్లాంటిక్ దీవుల్లో అదే సమయంలో పడిన కరువులతో కలిపి, 1789–93 మధ్య పసిఫిక్ సముద్రంలో బలమైన ఎల్ నీనో నడిచిందని 1998లో 'నేచర్' పత్రికలో రాశాడు. ఎక్కడో పెరూ తీరంలో సముద్రం వేడెక్కితే పిఠాపురంలో వాన తప్పడం రాక్స్‌బర్గ్‌కు తెలిసే వీలు లేదు. తన పాదరసం గొట్టంలో అంకె మాత్రం నిజాయితీగా రాసిపెట్టాడు.

*

మానులో పిండి ఎందుకుంటుంది?

ఇల్లు కట్టిన వడ్రంగిని అడగండి, సగం జవాబు చెబుతాడు. టేకు దుంగలో చేవ మధ్యలో ఉంటుంది, అంచున మెత్తన. తాటి దూలంలో తలకిందులు. చేవ అంచున, నల్లటి పీచుతో ఇనుములా ఉంటుంది, మధ్యలో మెత్తన. అందుకే తాటిమానును నిలువునా చీల్చి, లోపలి మెత్తన చెక్కేసి, అంచు దూలాలనే ఇంటికి వాడతారు. కారణం ఏమిటంటే టేకుకు బెరడు కింద పెరుగుపొర ఒకటుంటుంది, ఏటేటా అది లోపలికి కలప పోస్తుంది, ఏటికో వలయం పడుతుంది. తాటి, ఈత, కొబ్బరికి ఆ పొర లేదు. ఒకసారి ఎంత లావు మొదలైతే దాదాపు అంత లావునే పైకి పోతుంది. వలయాలుండవు. నీళ్లూ ఆహారమూ మోసే నాళాలు మానంతటా విడివిడి దారాల్లా పరచుకుని ఉంటాయి. రాక్స్‌బర్గ్ చూసిన తెల్లటి నారపోగులు అవే. ఆ దారాల మధ్య ఖాళీ నింపేది మెత్తటి కణజాలం. చెట్టు తన మిగులు చక్కెరను పిండిగా మార్చి ఆ కణాల్లో దాచుకుంటుంది. పూత వేసి, గెల దించాల్సిన కాలం వచ్చినప్పుడు కరిగించి పైకి పంపుతుంది. కల్లు గీసినప్పుడు కుండలో పడే తీపిలో ఆ నిల్వ వాటా కొంత ఉంటుంది.

ఈ నిల్వను మనిషి దోచుకోవాలంటే చెట్టు బతకదు. ఈ కుటుంబపు చెట్టు పెరగడమంతా తలలో ఉన్న ఒక్క మొవ్వు మీదే ఆధారం. మొవ్వు తెగితే ఆ మాను పని అంతే. కాబట్టి చిట్టీత పిండి ఏటా కోసుకునే పంట కాదు. ఒకసారి తింటే అయిపోయే సొమ్ము.

ఎంత సొమ్ము? రాక్స్‌బర్గ్ ఇచ్చిన కొలతలతో నేనొక లెక్క వేశాను. పదహారంగుళాల పొడవు, ఆరంగుళాల లావున్న దుంగ మొత్తం ఏడు లీటర్లకు అటూ ఇటూ. ఒక చిన్న బిందెడు. అందులో పీచు పోను, నీరు పోను, దంచడంలో పోయింది పోను మిగిలేది ఎంతమందికి ఎన్ని పూటలు? ఎండిన కడుపుతో చీల్చి, ఎండబెట్టి, దంచి, జల్లించే ఓపిక కూడా లెక్కలో వెయ్యాలి. పిండి చేదెక్కడానికి కారణం నాకు ఆ పద్ధతిలోనే కనిపిస్తుంది. మలయా దీవుల్లో సగ్గు తీసేవాళ్లు మాను గుజ్జును బోలెడు నీళ్లలో పిసికి, వడకట్టి, పిండి తేరేదాకా ఆగి, పైనీళ్లు వంపేస్తారు. చేదు చాలావరకు ఆ నీళ్లతో పోతుంది. మనవాళ్లు పొడిగా దంచి జల్లించారు, అందువల్ల చేదు పిండిలోనే ఉండిపోయింది. తెలియక కాదేమో. వానల్లేని మూడో ఏడు, సముద్రపొడ్డున, బోలెడు నీళ్లు ఎక్కడివి?

కొండల మీద వాళ్లకు కొంత నయం. జీలుగు చెట్టు మాను చిట్టీతకు ఎన్నో రెట్లు. ముదిరిన మానులో పిండి సగ్గుబియ్యానికి తీసిపోదని, రొట్టెలు చేసుకుంటారని, జావ కాచుకుంటారని, ఆ చెట్లు ఉన్నన్నాళ్లు కరువులో వాళ్లు పెద్దగా బాధపడలేదని రాక్స్‌బర్గ్ తన 'ఫ్లోరా ఇండికా'లో రాశాడు. ఆ పుస్తకం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1832లో, శ్రీరాంపూర్‌లో విలియం కేరీ చేతుల మీదుగా పూర్తిగా అచ్చయింది. రంపచోడవరం వైపు ఇవాళ జీలుగు అంటే కల్లు గుర్తొస్తుంది. ఆ చెట్టు ఒకప్పుడు గాదె కూడా.

ఇదంతా కళ్లారా చూసిన మనిషి ఊరుకోలేదు. కొబ్బరి, తాటి, ఖర్జూరం, సగ్గుచెట్టు, అరటి, పనస, సీమపనస, చివరికి నాగజెముడు కూడా కాలవ గట్ల మీద, రోడ్ల పక్కన, పొలం గట్ల మీద పెద్దఎత్తున నాటించాలని కంపెనీకి రాశాడు. వరి పోయిన ఏడాది చెట్టు నిలబడుతుందన్నది ఆయన వాదం. వేరు లోతుకు పోయిన చెట్టు ఒక వాన తప్పినా కాయ దించగలదు, ముంజె ఇవ్వగలదు, నేలలో పాతిన తాటి టెంక తేగ అవుతుంది. ఈ సలహా గోదావరి మీద ఆనకట్ట రావడానికి అరవై ఏళ్ల ముందుది. 71 నుంచి 74 దాకా తాటి, కొబ్బరి, చిట్టీత ఒకే వరసలో కూర్చున్నాయంటే వర్గీకరణ వల్లే కూర్చున్నాయి. అయినా ఆ ఉత్తరం చదివాక చూస్తే ఆ వరస నాకు కరువు కాలపు సరుకుల చీటీలా కనిపిస్తుంది.

*

1793లో రాక్స్‌బర్గ్‌ను కలకత్తా శిబ్‌పూర్ తోటకు అధిపతిగా పంపారు. అక్కడ ఇరవై ఏళ్లున్నాడు. చిత్రకారులు, బొమ్మలు పెరుగుతూ పోయి మొత్తం రెండున్నర వేలు దాటాయి. ఒక ప్రతి ఇప్పటికీ శిబ్‌పూర్‌లో భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దగ్గర, ఇంకోటి లండన్ క్యూ తోటలో ఉన్నాయి. బెంగాల్లో ఆయన కొత్తగా చూసి పేరుపెట్టిన తాటి బంధువు ఒకటి మూడో సంపుటంలో 255, 256 బొమ్మలుగా వచ్చింది. కోరిఫా తాలియెరా, బతుకులో ఒక్కసారే పూసి చచ్చిపోయే చెట్టు. అడవిలో మిగిలిన చిట్టచివరిదాన్ని 1979లో శాంతినికేతన్ దగ్గర ఊరివాళ్లు నరికేశారు. తల మీద కొమ్ములు మొలిచినట్టు పూత లేస్తుంటే దయ్యమని భయపడ్డారు. ఢాకా విశ్వవిద్యాలయం ఆవరణలో ఒకటి దొరికింది, అదీ 2008లో పూసి, కాసి పోయింది. దాని గింజలతో మొక్కలు లేపారు. ఆ మొక్కలు పూతకొచ్చేదాకా ఇంకో కొన్ని దశాబ్దాలు ఆగాలి.

చిట్టీతకు ఆ గతి పట్టలేదు. ఇసక తవ్వకాలు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు దాటుకుని కోస్తా పొడుగునా ఇంకా అక్కడక్కడా ఉంది. పోయింది దాని పేరు.

రాక్స్‌బర్గ్ ఆ మొక్కకు పెట్టిన శాస్త్రీయ నామం ఫీనిక్స్ ఫారినిఫెరా. ఫీనిక్స్ అంటే ఈత, ఖర్జూరాల ప్రజాతి. ఫారినా అంటే లాటిన్‌లో పిండి. పిండి మోసే ఈత. ఎత్తు తక్కువనో, ఆకు పొట్టిదనో, ఎవరో దొర పేరు మీదనో పెట్టొచ్చు, అందరూ అలాగే పెట్టేవారు. ఆయన మాత్రం కోరంగి ఇసకలో మనుషులు రోట్లో దంచుకున్నదాన్ని పేరుగా పెట్టాడు. శాస్త్రంలో ఒక నియమం ఉంది, ఒకే మొక్కకు రెండు పేర్లుంటే ముందు అచ్చయిందే చెల్లుతుంది. జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు గేర్ట్‌నర్ కాయలూ గింజల మీద రాసిన పుస్తకంలో 1788లోనే ఇదే మొక్కకు ఫీనిక్స్ పుసిల్లా అని పేరుపెట్టి ఉన్నాడు. పుసిల్లా అంటే చిన్నది, మన 'చిట్టి' అన్నమాటే. నియమం ప్రకారం గేర్ట్‌నర్ పేరే సరైనది, దాన్ని తప్పుపట్టడానికి లేదు.

అలా ఇవాళ్టి మొక్కల పుస్తకాల్లో ఫారినిఫెరా అన్న మాట రద్దయిన పేర్ల జాబితాలో, చిన్న అక్షరాల్లో ఉంది. పాత సంపుటాలను ఇప్పుడు గ్రంథాలయాలు స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాయి, మీ ఫోనులోనే తెరుచుకుంటాయి. మొదటి సంపుటం, 74వ బొమ్మ. ఆకు మడత దోనెలా వేశాడో, ఇంటికప్పులా వేశాడో ముందు చూడండి. తర్వాత 55వ పేజీలో ఉన్న వర్ణన చదవండి, బొమ్మ ఒక్కటే చూసి మూసెయ్యకండి.